పాత ఇంటి రిపేరు ఎవరి చేతిలో పెట్టాలి? మేస్త్రి, కాంట్రాక్టర్, ఇంజినీర్, కంపెనీ: ఎవరికి ఏది సరిపోతుంది

చిక్కడపల్లి, నల్లకుంట, మలక్‌పేట, సైదాబాద్, పద్మారావునగర్... హైదరాబాద్‌లో ఇలాంటి పాత కాలనీల్లో పెద్దవాళ్లు కట్టిన ఇళ్లకు ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసి ఫ్లాట్లు తీసుకోవడం, రెండోది ఉన్న ఇంటినే బాగుచేయించుకుని ఉండటం. ఇది రెండో దారి పట్టినవాళ్ల కోసం రాస్తున్నది. స్లాబు పెచ్చులూడి లోపలి చువ్వలు కనిపిస్తున్నాయి, బాత్రూం వెనక గోడ ఎండాకాలంలో కూడా చెమ్మగానే ఉంటోంది, దర్వాజాలకు చెదలు పట్టాయి, వైరింగు ఎప్పటిదో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అడిగిన ప్రతివాళ్లూ "మాకు తెలిసిన మంచి మేస్త్రి ఉన్నాడు" అని ఒక నంబరు ఇస్తారు, ఫోన్ నిండా నంబర్లు చేరతాయి, పని మాత్రం మొదలుకాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత ఇంటి పనుల్లో గొడవ ఎక్కువగా ఎక్కడ మొదలవుతుందంటే, గోడ లోపల ఏముందో చూడకుండా వాళ్లు రేటు చెప్పడం, ఆ రేటు తక్కువగా ఉందని మనం ఒప్పుకోవడం, సగం కొట్టాక అసలు సంగతి బయటపడటం, అక్కడ. మనిషి ఎంత మంచివాడైనా సొంత జేబులోంచి డబ్బు పోతుంటే ఎక్కడో ఒకచోట కోత పెడతాడు, సిమెంటులోనో, క్యూరింగులోనో (వేసిన సిమెంటు పనిని తడుపుతూ ఉంచడం), కూలీల సంఖ్యలోనో. అందుకే "వీడు నమ్మకస్తుడా" అని అడిగే ముందు, అనుకోని ఖర్చు బయటపడితే అది ఎవరి నెత్తిన పడుతుంది అని అడగాలి. కింద చెప్పబోయే పద్ధతుల మధ్య అసలు తేడా అదే.

## రేట్లు అడగకముందు చేయాల్సిన పని

మీ పని తనకు దక్కదని తెలిసిన మనిషి చేత ముందు ఇల్లు చూపించండి. అంటే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఫీజు ఇచ్చి, చూసి రిపోర్టు రాయమనడం, అంతే, కాంట్రాక్టు మాట ఎత్తొద్దు. మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సు ఉన్న ఇంజినీర్లు ఊరంతా ఉన్నారు. స్లాబు మరీ అనుమానంగా ఉంటే రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ లాంటి పరీక్షలు చేయించొచ్చు, వీటికి కాంక్రీటు పగలగొట్టక్కర్లేదు. జేఎన్‌టీయూ సివిల్ విభాగం లాంటి చోట్ల కట్టడాల పటిష్ఠత పరీక్షలు చేస్తారు. ఈ ఫీజు దండగ అని చాలామంది ఎగ్గొడతారు. నా లెక్కలో మొత్తం పనిలో దీనంత లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు.

ఆ రిపోర్టులో మీకు కావాల్సిన జవాబులు ఇవి: స్లాబు ఉంచొచ్చా, రిపేరు చేస్తే ఆగుతుందా, కొంత కొట్టి మళ్లీ వేయాలా, ఏ గోడలు బరువు మోస్తున్నాయి, చెమ్మ ఎక్కడినుంచి వస్తోంది, పైనుంచా, పైపుల్లోంచా, నేలలోంచి ఎక్కుతోందా, చెదలు ఎంత దూరం వెళ్లాయి. పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, రాతి గోడలో ఇటుక గోడలో నేరుగా స్లాబును మోస్తుంటాయి. "ఈ గోడ తీసేసి హాలు పెద్దది చేద్దాం" అని మీరనగానే, స్లాబు ఏ గోడ మీద కూర్చుందో కూడా చూడకుండా "తీసేద్దాం సార్, ఏం కాదు" అన్నవాడికి అక్కడే దండం పెట్టి పంపించేయండి.

ఇంకో సంగతి, పాతబస్తీలోనూ, సికింద్రాబాద్‌లో కొన్ని వీధుల్లోనూ డంగు సున్నంతో కట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటిమీద గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ వేస్తే గోడలోని తేమ బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది, కొన్నాళ్లకు ప్లాస్టరింగ్ పలకలుగా ఊడుతుంది. సున్నం పని తెలిసినవాళ్లు తక్కువ, కాస్త ఆలస్యమైనా వాళ్లనే వెతకాలి.

రిపోర్టు చేతికొచ్చాక దాన్నిబట్టి పనుల జాబితా ఒకటి రాసుకోండి, గదిగదికీ, సుమారు కొలతలతో. అందరికీ ఆ ఒక్క జాబితానే ఇచ్చి రేట్లు అడగండి. లేకపోతే ఒకడు బాత్రూం పైపులు కలిపి చెప్తాడు, ఇంకొకడు కలపడు, మీరేమో కింద ఉన్న మొత్తం మాత్రమే చూసి తక్కువవాణ్ణి పిలుస్తారు.

## దేన్నిబట్టి పోల్చాలి

రేటు ఒక్కటే చూస్తే ప్రతిసారీ మేస్త్రీయే గెలుస్తాడు. మిగతావి కూడా చూడాలి. మీరు రోజూ సైట్ దగ్గర ఎంతసేపు నిలబడగలరు? లోపల కొత్త నష్టం బయటపడితే రేటు ఎలా మారుతుంది? మెటీరియల్ ఎవరు కొంటారు, కొలతలు ఎవరు తీస్తారు? పని అయిపోయిన ఆరు నెలలకు వాన నీళ్లు కారితే ఫోన్ ఎత్తేది ఎవరు?

| | మేస్త్రి, లేబర్ కాంట్రాక్టు | సివిల్ కాంట్రాక్టర్, మెటీరియల్‌తో | ఆర్కిటెక్ట్ లేదా ఇంజినీర్ + కాంట్రాక్టర్ | కంపెనీ, మొత్తం ప్యాకేజీ |
|---|---|---|---|---|
| ఖర్చు | అన్నిటికంటే తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం, పైన ఫీజు | ఎక్కువ, పైన జీఎస్టీ |
| మీ సమయం | రోజూ కావాలి | వారానికి కొన్నిసార్లు | తక్కువ | ఇంకా తక్కువ |
| అనుకోని నష్టం బయటపడితే | ఖర్చు మొత్తం మీది | ఒప్పందంలో రాసుకున్నదాన్నిబట్టి | ఇంజినీర్ తేల్చి చెప్తాడు | "ఎక్స్‌ట్రా" బిల్లు వస్తుంది |
| కొలతలు | మేస్త్రి చెప్పినవి, మీరు సరిచూడాలి | ఇద్దరూ కలిసి | మూడో మనిషి తీస్తాడు | వాళ్లే తీస్తారు |
| తర్వాత లీకైతే | మనిషి దొరికితే వస్తాడు | చివరి డబ్బు ఆపి ఉంచితే వస్తాడు | అడగడానికి ఇద్దరున్నారు | వారంటీ కాగితాన్నిబట్టి |
| శిథిలమైన ఇంటికి | చిన్న పనులకు | బాగా సరిపోతుంది | స్లాబు, గోడల పని ఉంటే తప్పనిసరి | ఇంటీరియర్లకు సరే |

## మేస్త్రికి లేబర్ కాంట్రాక్టు ఇవ్వడం

మనవాళ్లలో ఎక్కువమంది పట్టే దారి ఇది. సిమెంటు, ఇసుక, టైల్స్, పైపులు మీరు కొంటారు, మేస్త్రి మనుషుల్ని తెచ్చి పని చేస్తాడు. పాలమూరు వైపు నుంచి వచ్చి ఏళ్లతరబడి ఇక్కడే పనిచేస్తున్న మేస్త్రీల్లో చేతిపని అద్భుతంగా ఉన్నవాళ్లున్నారు, ఆ మాటలో అనుమానం లేదు. చెక్ చేయాల్సింది వాళ్ల చేతిపనిని కాదు, ఒకేసారి ఎన్ని సైట్లు నడుపుతున్నారో అది. మంచి మేస్త్రికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. మీ ఇల్లు కొట్టి, బాత్రూం లేకుండా చేసి, ఇద్దరు కూలీలను వదిలేసి తను ఇంకో సైట్‌కి వెళ్లిపోతాడు. "రేపు వచ్చేస్తా సార్" అనే మాట ఎన్నిసార్లు వింటారో నేను చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో చిక్కు, మేస్త్రి అంటే సుతారి పని (గోడలు, ప్లాస్టరింగ్) చేసేవాడు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, పెయింటర్ వేరే. "అందరూ నా మనుషులే" అంటాడు గానీ ఎవరి లెక్క వాళ్లదే. టైల్స్ వేశాక పైపు లీకైతే ప్లంబరు మేస్త్రినీ, మేస్త్రి ప్లంబరునూ చూపిస్తారు. మీరు రోజూ అక్కడ ఉండి, నీళ్ల లైన్‌కి ప్రెషర్ పెట్టి రాత్రంతా ఉంచి చూశాకే గోడ మూయించగలిగితే ఈ పద్ధతిలో నిజంగా డబ్బు మిగులుతుంది. లేకపోతే మిగిలిందనుకున్న డబ్బు రెండోసారి పగలగొట్టడానికి పోతుంది.

మెటీరియల్ మీరే కొంటున్నారు కాబట్టి ట్రూప్ బజార్, రాణిగంజ్ ఒకసారి తిరిగి రండి, శానిటరీ, ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ సామాన్ల ధరలు కాలనీ షాపుతో పోల్చుకోవచ్చు. మేస్త్రి "ఫలానా షాపులోనే తీసుకోండి" అంటే అందులో అతని కమిషన్ ఉండొచ్చు. అదేమంత నేరం కాదు, ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే, పెయింట్ డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు కూడా పెడుతుంటారు. రేటు తెలుసుకుని వెళ్తే చాలు. సిమెంటు సంచి మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి, మూడు నెలలు దాటిన సరుకు వద్దనండి. రోబో శాండ్‌లో (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక) ప్లాస్టరింగ్‌కి వేరే రకం, కాంక్రీటుకి వేరే రకం వస్తుంది, లారీ దించకముందే చూడాలి.

## సివిల్ కాంట్రాక్టర్: ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే

ఒక సైట్ ఇంజినీరో సూపర్‌వైజరో, రెండు మూడు బ్యాచ్‌ల మనుషులు, మెటీరియల్ షాపుల్లో ఖాతా, ఇవి ఉన్న చిన్న కాంట్రాక్టర్. రెండు మూడు సైట్ల కంటే ఎక్కువ పెట్టుకోని మనిషి దొరికితే అదృష్టం. ఇలాంటివాళ్లు ఆన్‌లైన్‌లో పెద్దగా కనపడరు, హార్డ్‌వేర్ షాపువాళ్ల దగ్గరా, ఇప్పుడు పని నడుస్తున్న ఇళ్ల దగ్గరా దొరుకుతారు. మీ కాలనీలోనే పాత ఇల్లు ఎవరైనా బాగుచేయిస్తుంటే మొహమాటం లేకుండా లోపలికి వెళ్లి ఓనరుని అడగండి, మన ఊళ్లో ఆ విషయంలో ఎవరూ ఏమీ అనుకోరు, చాయ్ ఇచ్చి మరీ వాళ్ల కష్టాలన్నీ చెప్తారు.

కాంట్రాక్టర్‌తో ఒప్పందం మూడు రకాలుగా ఉంటుంది, ఇక్కడ కాస్త నిదానించాలి.

మొదటిది చదరపు అడుగు లెక్క. "రెనొవేషన్ అడుగుకి ఇంత సార్, మొత్తం నేనే చూసుకుంటా." కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఈ లెక్కకు అర్థం ఉంది. పాత ఇంటికి లేదు. ఒక గదిలో పెయింటింగ్ తప్ప ఏమీ అక్కర్లేదు, పక్క గదిలో స్లాబు సగం కొట్టాలి, రెంటికీ ఒకే రేటు ఎలా కుదురుతుంది? ఇలా చెప్పేవాడు అయితే బాగా ఎక్కువ వేసుకుని చెప్తున్నాడు, లేదా పని మొదలయ్యాక "ఇది అందులో లేదు" అనబోతున్నాడు.

రెండోది మొత్తం గుత్త. ఎనిమిది లక్షలు, పదిహేను లక్షలు, ఏదో ఒక అంకె. వినడానికి హాయిగా ఉంటుంది, కానీ గోడ వెనక ఏముందో ఇద్దరికీ తెలియనప్పుడు అది పందెమే. అతను గెలిస్తే మీ డబ్బు, ఓడితే మీ ఇల్లు.

మూడోది ఐటమ్ రేటు. పాత ప్లాస్టరింగ్ కొట్టి కొత్తది వేయడానికి అడుగుకి ఇంత, బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ అడుగుకి ఇంత, స్లాబు రిపేరు అడుగుకి ఇంత, కరెంటు పాయింటుకి ఇంత. చేసినదాన్ని కొలిచి డబ్బిస్తారు. కొట్టాక నష్టం ఎక్కువ కనపడితే కొలత పెరుగుతుంది, రేటు పెరగదు. కాంట్రాక్టర్ నష్టపోడు, మీరు మోసపోరు, మొత్తం ఎంతవుతుందో మొదట్లోనే కచ్చితంగా తెలియకపోవడం ఒక్కటే ఇందులో ఇబ్బంది. బడ్జెట్ మీద ఒక పదిహేను ఇరవై శాతం పక్కన పెట్టుకుంటే ఆ టెన్షన్ కూడా తగ్గుతుంది. శిథిలమైన ఇంటికి నేను ఇది తప్ప వేరేది సలహా ఇవ్వను.

ఐటమ్ రేటులో గొడవలన్నీ టేపు దగ్గర వస్తాయి. ప్లాస్టరింగ్ కొలిచేటప్పుడు తలుపులు, కిటికీల ఖాళీ జాగా తీసేయాలా వద్దా అన్నది పాత పంచాయితీ. భారత ప్రమాణం ఐఎస్ 1200లో దీనికి పద్ధతి ఉంది: అర చదరపు మీటరు వరకు ఉన్న ఖాళీకి ఏమీ తీయరు, అక్కడినుంచి మూడు చదరపు మీటర్ల వరకు ఒక వైపు మాత్రమే తీస్తారు, అంతకు మించితే రెండు వైపులా తీసి లోపలి అంచుల కొలత కలుపుతారు. "కొలతలు ఐఎస్ 1200 ప్రకారం" అని ఒప్పందంలో ఒక్క ముక్క రాయించండి, ఆ మాట చూడగానే కాంట్రాక్టర్ మీతో మాట్లాడే తీరే మారుతుంది.

కొటేషన్లలో తరచూ మాయమయ్యేవి కూడా చెప్తాను. మలబా ఎత్తిపోత, అంటే పగలగొట్టిన చెత్త: దాన్ని నాలాలోనో ఖాళీ ప్లాటులోనో పోస్తే మీ మీదకే వస్తుంది. నగరంలో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లు ఉన్నాయి, ఎక్కడికి తోలుతున్నాడో అడగండి. తర్వాత పరంజా, క్యూరింగ్ నీళ్లు (ట్యాంకర్ తెప్పించాల్సివస్తే ఎవరి ఖర్చు?), చెదల మందు, పాత సామాను. ఈ చివరిది చిన్నదనుకోకండి, పాత టేకు దర్వాజాలు, ఇనుప గ్రిల్స్, షాబాద్ బండలు డబ్బు చేసే సరుకు. అవి మీవా, కాంట్రాక్టర్‌వా ముందే తేల్చుకోండి.

## ఆర్కిటెక్ట్ లేదా ఇంజినీర్ పర్యవేక్షణ

ఇంట్లో మార్పులు పెద్దవైతే, అంటే గోడలు జరపడం, మెట్లు మార్చడం, పైన ఇంకో గది వేయడం, ఇక ఎవరో ఒకరు డ్రాయింగ్ గీసి తీరాలి. ఆర్కిటెక్ట్ అని చెప్పుకునే ప్రతివాళ్లూ ఆర్కిటెక్ట్ కారు. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి, నంబరు సీఏ అనే అక్షరాలతో మొదలవుతుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఇంటీరియర్ డిజైనర్ వేరు, ఆర్కిటెక్ట్ వేరు, స్ట్రక్చరల్ ఇంజినీర్ వేరు. స్లాబు విషయం చివరి ఆయన్నే అడగాలి.

ఇక్కడ మీరు కొనేది మూడో మనిషి కళ్లు. కాంట్రాక్టర్ బిల్లు ఇస్తే ఇంజినీర్ కొలిచి సరే అన్నాకే మీరు డబ్బిస్తారు. ఒక్క షరతు, ఇంజినీరూ కాంట్రాక్టరూ ఒకే జట్టు కాకూడదు. "మా కాంట్రాక్టరే ఉన్నాడు, ఆయనకే ఇవ్వండి" అని మొదటి రోజే అంటే ఆ మూడో కన్ను మూసుకున్నట్టే. అలాగని మొత్తం పర్యవేక్షణకు ఫీజు పెట్టుకోలేనివాళ్లు దిగులు పడనక్కర్లేదు, ముఖ్యమైన దశల్లో మాత్రం వచ్చి చూడమని విజిట్‌కి ఇంత అని మాట్లాడుకోవచ్చు: స్లాబు పెచ్చులు కొట్టాక, చువ్వలకు మందు వేశాక, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు. సివిల్ కాంట్రాక్టర్ ఐటమ్ రేటు, దాంతోపాటు ఈ నాలుగు విజిట్లు, చాలా ఇళ్లకు ఇదే సరైన కలయిక అని నా నమ్మకం.

అనుమతుల సంగతి కూడా ఇక్కడే. ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, పెయింటింగ్ లాంటి రిపేర్లకు మున్సిపల్ పర్మిషన్ అక్కర్లేదు. కొత్త గది, కొత్త అంతస్తు, కట్టడాన్ని మార్చే పనులకు కావాలి. "పర్మిషన్ నేను మేనేజ్ చేస్తా" అన్న కాంట్రాక్టర్ మాట నమ్మొద్దు, సమస్య వచ్చేది ఓనరుకే. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్‌ బీపాస్ చట్టంలో అనుమతి లేని కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే వీలుంది.

## కంపెనీలు, ప్యాకేజీలు

షోరూం, యాప్, త్రీడీ బొమ్మలు, వారంటీ, ఈఎంఐ. కిచెన్, వార్డ్‌రోబ్‌లు, ఫాల్స్ సీలింగ్ వరకైతే వీళ్ల పని శుభ్రంగా ఉంటుంది, టైముకి అవుతుంది. పాత ఇంటి సివిల్ పనులు మాత్రం చాలాసార్లు వేరే కాంట్రాక్టర్‌కి ఇచ్చేస్తారు, మీరు మాట్లాడేది సేల్స్ మనిషితో, పనిచేసేది ఇంకెవరో. ప్యాకేజీలో లేని ప్రతిదీ ఎక్స్‌ట్రా, పాత ఇంటికి కావాల్సినవాటిలో అలాంటివే ఎక్కువ. ఒప్పందం చదివేటప్పుడు వారంటీ దేనికి అన్నది చూడండి, ప్లైవుడ్‌కి పదేళ్లు ఇచ్చి చెమ్మకి ఏమీ ఇవ్వకపోతే, చెమ్మ గోడకి ఆనించిన వార్డ్‌రోబ్‌కి ఆ వారంటీ ఎందుకు?

కొందరు "మాకు రెరా ఉంది" అని కూడా చెప్తారు. అది అమ్మకానికి కట్టే ఇళ్ల ప్రాజెక్టులకు సంబంధించిన రిజిస్ట్రేషన్, అమ్మకం, మార్కెటింగ్ లేని రెనొవేషన్లు, రిపేర్లు రెరా పరిధిలోకి రావు, ఆ నంబరు మీకు పనికిరాదు.

ఇక పొద్దున్నే కూకట్‌పల్లి లాంటి చోట్ల లేబర్ అడ్డా నుంచి రోజు కూలీకి మనుషుల్ని తెచ్చుకుని అన్నీ మీరే చేయించుకోవడం: పగలగొట్టడానికి, మట్టి ఎత్తడానికి భేషుగ్గా ఉంటుంది. వాటర్‌ప్రూఫింగ్‌కి వద్దు.

## మనిషిని ఎలా పరీక్షించాలి

పాత పనుల ఫోటోలు అడగకండి, అందరి ఫోన్లలో అవే ఫోటోలు ఉంటాయి. రెండేళ్ల కిందట చేసిన ఇల్లు ఒకటి చూపించమనండి, కుదిరితే వానాకాలంలో వెళ్లండి. బాత్రూం అవతలి గోడ, పిట్టగోడ కింది భాగం, స్లాబు మూలలు, ఈ మూడు చోట్లా చూస్తే చాలు. ఇప్పుడు పని నడుస్తున్న సైట్ కూడా చూడండి, అక్కడ కూలీలను "డబ్బులు టైముకి ఇస్తాడా" అని మాటల్లో అడగండి. కూలీలకు బాకీ ఉన్న కాంట్రాక్టర్ మీ పని మధ్యలో తప్పకుండా ఆగిపోతాడు.

తర్వాత మీ ఇంటికి తీసుకొచ్చి పెచ్చులూడిన స్లాబు చూపించి "దీనికేం చేస్తావు" అని అడగండి. "కొట్టేసి సిమెంటు పూసి లప్పం పెట్టేస్తాం" అంటే అయిపోయింది, ఏడాది రెండేళ్లలో మళ్లీ ఊడుతుంది. తెలిసినవాడు వదులుగా ఉన్నదంతా చువ్వ వెనక్కి వెళ్లేదాకా కొట్టాలంటాడు, తుప్పు గీకి చువ్వకి మందు వేయాలంటాడు, చువ్వ బాగా సన్నబడితే పక్కన కొత్తది కట్టాలంటాడు, ఆ తర్వాతే పాలిమర్ మోర్టారో మైక్రో కాంక్రీటో పేరు చెప్తాడు. చెమ్మ గోడ దగ్గరైతే ఇంకా తేలిక: నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకకముందే ఫలానా కోటింగ్ వేద్దాం అన్నవాడు డబ్బా అమ్ముతున్నాడు, అంతే.

జీఎస్టీ సంగతి. సేవలందించేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి, కాబట్టి చిన్న మేస్త్రికి జీఎస్టీ నంబరు లేకపోవడం తప్పేం కాదు. పెద్ద పనులు చేస్తున్నానని చెప్పేవాడికి లేకపోతే అనుమానించాలి, ఇచ్చిన నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. మెటీరియల్‌తో కలిపి చేసే ఇంటి పనికి సాధారణంగా 18 శాతం పడుతుంది. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అని అందరూ అంటారు, ఆ తగ్గింపుతో పాటే రేపు ఫిర్యాదు చేయడానికి కావాల్సిన కాగితం కూడా పోతుంది. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకుముందు లెక్కలతో పాత ఎస్టిమేట్ చూపిస్తే అడగండి.

## డబ్బు ఎలా ఇవ్వాలి

అడ్వాన్సు పది శాతం మించొద్దు. మెటీరియల్‌కి ఎక్కువ కావాలంటే షాపుకి నేరుగా మీరే కట్టండి, బిల్లు మీ పేరు మీద తీసుకోండి. మిగతాది అయిన పని కొలిచి, చేసిన పనికంటే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఇవ్వండి. అన్నీ బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో. కూలీల వారం బట్వాడా శనివారం ఉంటుంది, ఆ రోజు సాయంత్రం "అర్జెంటు సార్" అని ఫోన్ రావడం మామూలే, కొలత చూడకుండా పంపకండి.

చివరి ఐదు నుంచి పది శాతం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుతానని ముందే రాయించుకోండి. ఒప్పుకోకపోతే కనీసం మూడు నెలలు, దాంతోపాటు టెర్రస్ మీదా బాత్రూంలలోనూ రెండు రోజులు నీళ్లు నింపి కింద చూసే పరీక్ష. ఇదంతా, రేట్లు, బ్రాండ్లు, దశలు, ఆలస్యమైతే ఏం చేయాలి అన్నీ స్టాంపు పేపరు మీద సంతకాలతో ఉండాలి. "మన మధ్య కాగితాలెందుకు సార్" అనేవాళ్లకు నవ్వుతూనే పెన్ను ఇవ్వండి.

టైము కూడా డబ్బే. టెర్రస్, బయటి గోడల పని మృగశిర కార్తెకు ముందే ముగిసేలా చూసుకోండి. సంక్రాంతికి, దసరాకి కూలీలు ఊళ్లకు వెళ్తే వెంటనే తిరిగిరారు, ఆ రోజుల్లో బాత్రూం పగలగొట్టి ఉంచుకోవద్దు.

## మీ పరిస్థితినిబట్టి

పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉన్న ఇల్లయితే మేస్త్రి మాట మర్చిపోండి, ఇంజినీర్ పర్యవేక్షణ తప్పదు, ఫోన్లో వీడియోలు చూసి కొలతలు ఒప్పుకోవడం కుదరదు. పెద్దవాళ్లను కొలతల గొడవలోకి దింపడం కూడా మంచిది కాదు.

రిటైరై ఇంట్లోనే ఉంటూ, బేరం ఆడటంలో సరదా ఉన్నవాళ్లకు లేబర్ కాంట్రాక్టే బాగుంటుంది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే ఐటమ్ రేటు కాంట్రాక్టర్. అద్దెకి ఇచ్చే పోర్షన్ అయితే నీళ్లు, కరెంటు, చెమ్మ, ఈ మూడూ గట్టిగా చేయించి మిగతాది మామూలుగా వదిలేయండి.

ఇంట్లో ఉంటూనే పని చేయించుకునేవాళ్లది అందరికంటే కష్టం. అలాంటివాళ్లు ఇంటిని రెండు ముక్కలుగా చేసి, ఒక బాత్రూం పూర్తిగా వాడుకలోకి వచ్చాకే రెండోది ముట్టుకోవాలని రాయించుకోవాలి. ఇది గుత్త కాంట్రాక్టర్లకు నచ్చదు, ఎందుకంటే మనుషుల్ని రెండుసార్లు తేవాలి. కాస్త ఎక్కువ అడిగినా ఇచ్చేయండి.

బడ్జెట్ సగమే ఉంటే? స్లాబు, చెమ్మ, వైరింగు, పైపులు ఇప్పుడు, టైల్స్, సీలింగు, రంగులు తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, చుట్టాలకు కనపడేవి రంగులే కదా.

## మధ్యలో వదిలేసి వెళ్లిపోతే

ఇది జరుగుతుంది, మంచి కాంట్రాక్టర్‌తో కూడా. వెంటనే కోపంతో మిగతా పని కొట్టించకండి. ఇంజినీరును పిలిచి అయిన పనిని కొలిపించి, ఫోటోలతో, ఇచ్చిన డబ్బు లెక్కతో ఒక రిపోర్టు రాయించుకోండి, ఆ తర్వాత వచ్చి పూర్తి చేయమని గడువు పెట్టి రాతపూర్వకంగా నోటీసు పంపండి. వాట్సాప్‌లో కూడా పంపండి, కానీ స్పీడ్ పోస్ట్‌లో రిజిస్ట్రేషన్‌తో పంపడం మానకండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. బ్యాంకు లావాదేవీలు, ఒప్పందం, ఇంజినీర్ రిపోర్టు, ఈ మూడూ ఉన్నవాళ్లతో కాంట్రాక్టర్లు చాలాసార్లు కమిషన్ దాకా వెళ్లకుండానే రాజీకి వస్తారు.

రెండో కాంట్రాక్టర్ ఎక్కువే అడుగుతాడు, సగంలో ఉన్న పని ఎవరికీ ఇష్టం ఉండదు. "ముందువాడు చేసినదానికి నాకు సంబంధం లేదు" అని కూడా అంటాడు, అందులో న్యాయం ఉంది. అందుకని అతను గోడ మీద చేయి వేయకముందే, పాత పనిలో దేన్ని అలాగే ఒప్పుకుంటున్నాడో, దేన్ని కొట్టి మళ్లీ చేస్తాడో గదిగదికీ రాసి సంతకం తీసుకోండి. అది లేకపోతే మొదటి వానకు వచ్చిన లీకు ఇద్దరిలో ఎవరిదీ కాకుండా పోతుంది.